రివ్యూ అడగాల్సింది ఇల్లు ఖాళీ చేసిన 22వ రోజున

పోయిన శనివారం మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ఐదుగురిని కూర్చోబెట్టి ఒక యాప్ టెస్ట్ చేశాం. మాది కాలిఫోర్నియా డబ్లిన్ అండీ, ఐర్లండ్ కాదు. ప్రతి పోస్టు కిందా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. యాప్ మా ఫ్రెండ్‌ది. అద్దె అపార్ట్‌మెంట్లకి రివ్యూలు రాసే యాప్. ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని చేస్తున్నాడు. నేను ఏళ్ళ తరబడి టెస్టింగ్ ఉద్యోగంలోనే ఉన్నా కదా, "అన్నా, ఒకసారి మనోళ్ళ చేతికిచ్చి చూడవా" అన్నాడు.

పద్ధతి చిన్నదే. ఫోన్ చేతికిచ్చి "మీరుండే అపార్ట్‌మెంట్‌కి రివ్యూ రాయండి" అని చెప్పి, మనం నోరు మూసుకుని చూడాలి. సాయం చెయ్యకూడదు. వేలు ఎక్కడ ఆగింది, మొహం ఎక్కడ చిట్లించారు, అది రాసుకోవాలి. ఐదుగురు సరిపోతారా అంటారేమో. జేకబ్ నీల్సన్ 2000లోనే లెక్క చెప్పాడు: ఒక్కొక్కరు సగటున 31 శాతం లోపాలు బయటపెడితే, ఐదుగురితో 85 శాతం దాకా దొరుకుతాయని.

మా ఐదుగురూ రెండు నిమిషాల్లో పని ముగించారు. ఎవరూ ఎక్కడా తడబడలేదు. అందరూ నాలుగు స్టార్లు. "గుడ్ లొకేషన్, ఫ్రెండ్లీ స్టాఫ్." మావాడి మొహం వెలిగిపోయింది.

తర్వాత టీ పెట్టా. అసలు రివ్యూలు అప్పుడు మొదలయ్యాయి.

ఒకాయనకి పాత ఇంటి డిపాజిట్‌లో కార్పెట్ పేరు చెప్పి 640 డాలర్లు కోశారు. ఇంకొకరి బెడ్‌రూమ్ పడమటి వైపు. ఇక్కడ జూలై ఎండ తెలిసిందే, వంద ఫారెన్‌హీట్ దాటిన రోజు రాత్రి పది దాకా ఆ గదిలో కాలు పెట్టలేరు. ఒకమ్మాయికి బాల్కనీ తలుపు తీస్తే 580 ఫ్రీవే హోరు. ఇంకొకరికి గెస్ట్ పార్కింగ్ గొడవ. లివర్‌మోర్ గుడికి వచ్చిన చుట్టాలు దర్శనం అయ్యాక ఇంటికి రావాలంటే కారు నాలుగు వీధుల అవతల పెట్టి నడిచి రావాలి. ఐదో అతనికి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. పక్కనే కూర్చున్న వాళ్ళమ్మగారు, ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చారు, నవ్వేశారు. "వాడికేం తెలుసు నాయనా, పొద్దున పోతే రాత్రికొస్తాడు. లిఫ్ట్ ఈ నెల్లో మూడుసార్లు ఆగింది. పైవాళ్ళ పిల్లాడు మధ్యాహ్నం అంతా గెంతుతూనే ఉంటాడు" అన్నారు. ఇంట్లో రోజంతా ఉండే మనిషి ఆవిడే. మా టెస్టింగ్ లిస్టులో ఆవిడ పేరే లేదు. ఆ తప్పు నాదే.

మరి ఇవన్నీ యాప్‌లో ఎందుకు రాయలేదని అడిగా. "వచ్చే నెల లీజు రెన్యూవల్ ఉంది, మనమే రాశామని తెలిసిపోదూ?" "వీసా మీద ఉన్నాం, లేనిపోని తద్దినం ఎందుకన్నా?" "తెలుగులో గంటసేపు చెప్తా గానీ ఇంగ్లీషులో అంత టైపు చెయ్యలేను." "పాత ఇంటి గురించి మీరు అడగలేదుగా!" ఈ చివరిది నాకు గట్టిగా తగిలింది. 640 పోయిన మనిషి ఆ ఇంటికి కూడా ఒకప్పుడు రివ్యూ రాశాడట. దిగిన మొదటి వారంలో, లీజింగ్ ఆఫీసు వాళ్ళు కాఫీ గిఫ్ట్ కార్డు ఇస్తామంటే. ఐదు స్టార్లు. అది ఇప్పటికీ అక్కడే మెరుస్తోంది.

అందుకే నా అభిప్రాయం: ఈ యాప్‌లో లోపం బటన్లలో లేదు. అడిగే రోజులో ఉంది. ఇంట్లో దిగిన వారానికి అడిగితే గృహప్రవేశం సంతోషం చెప్తారు. ఉంటుండగా అడిగితే భయం మాట్లాడుతుంది. నిజం ఖాళీ చేశాకే వస్తుంది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఖాళీ చేసిన 21 రోజుల్లోపు డిపాజిట్ వెనక్కివ్వాలి, కోస్తే ఎందుకు కోశారో పద్దుల వారీగా రాసివ్వాలి. 2025 ఏప్రిల్ నుంచి ఖాళీ చేశాక ఇంటి ఫోటోలు తియ్యడం కూడా ఓనర్ల బాధ్యతే. కాబట్టి 22వ రోజున యాప్ ఒక్క ప్రశ్న అడగాలి: "డిపాజిట్ ఎంత కట్టారు, ఎంత వచ్చింది?" ఆ ఒక్క జవాబు నాలుగు స్టార్ల కన్నా ఎక్కువ చెప్తుంది.

దొంగ రివ్యూల మీద చట్టం ఉందిగా అంటారు. ఉంది. 2022 ఆగస్టులో ఎఫ్‌టీసీ, ఆరు రాష్ట్రాలు కలిసి రూమ్‌స్టర్ అనే రూమ్మేట్ల యాప్ మీద దొంగ రివ్యూల కేసు వేశాయి. 2024 అక్టోబర్ 21 నుంచి దొంగ రివ్యూలు కొనడం, "బాగా రాస్తేనే డబ్బులు" అనడం నిషేధం. కానీ కాఫీ కార్డు ఇచ్చినవాళ్ళు "బాగా రాయండి" అనలేదు, "రాయండి" అన్నారంతే. రాసినవాడు నిజమైన మనిషే, సంతోషమూ నిజమే. రోజే తప్పు. దాన్ని చట్టం సరిచెయ్యదు, యాప్ చేసేవాళ్ళే చెయ్యాలి.

మావాడి అభ్యంతరం కూడా న్యాయమైనదే. "అన్నా, ఖాళీ చేసినోళ్ళంతా కోపంతో రాస్తారు. ఓనర్ల వైపు కూడా చూడాలిగా." నిజమే. అందుకే స్టార్లు తీసేసి సంగతులు అడగమన్నా. డిపాజిట్ లెక్క, సాయంత్రం ఎండ ఏ గదిలో పడుతుంది, లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగింది, రిపేరుకి ఎన్ని రోజులు పట్టింది. కోపంలో స్టార్లు తగ్గుతాయి గానీ పడమర తూర్పు అవ్వదు. ఓనరుకి జవాబు రాసే చోటివ్వు. ఫ్లాటు నంబరు, తేదీ చూపించకు. తెలుగులో మాట్లాడితే రాసుకునే సదుపాయం పెట్టు.

మన ఊళ్ళో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసే ముందు వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడిగేవాళ్ళం. "నీళ్ళొస్తాయా? ఓనరు మంచోడేనా? ముందున్నోళ్ళు ఎందుకెళ్ళిపోయారు?" స్టార్లు అడిగినవాళ్ళు లేరు. ఇవాళ హైదరాబాద్ నుంచి వచ్చే కుర్రాడు ఫోన్‌లో రివ్యూలు చూసి, ఇల్లు చూడకుండానే పన్నెండు నెలల లీజు మీద సంతకం పెడుతున్నాడు. వాడికి ఇస్త్రీ బండి లేదు. మనమే ఉన్నాం.

వచ్చే శనివారం మళ్ళీ టెస్ట్ పెడుతున్నాం. డబ్లిన్, ప్లెజంటన్, శాన్ రామోన్‌లో ఈ ఏడాది ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. డిపాజిట్ కాగితం తెచ్చుకోండి. అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళనీ తీసుకురండి. గిఫ్ట్ కార్డు లేదు. టీ ఉంది.