ఇంటి వంట ఫ్రీ అని ఎవరన్నారు?

మొన్న ఒకటో తారీఖున మా ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది. జీతం పడింది. అద్దె, ఈఎంఐ, స్కూల్ బస్సు డబ్బులు అన్నీ పోయాక మావారు ఇంటి లెక్కల పుస్తకం తీసుకుని కూర్చున్నారు. ఆ పుస్తకం రాసేది నేనే. అందులో "బయట తిండి" అని ఒక పేజీ ఉంటుంది. అక్కడ ఆగి, "ఆరు వేల నాలుగు వందలా! ఇంట్లో నువ్వుండి కూడా ఇంత ఎందుకవుతోంది?" అన్నారు.

"నువ్వుండి కూడా" అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది. కానీ పొయ్యి మీద పాలున్నాయి, అప్పుడేమీ అనలేదు. పిల్లలు పడుకున్నాక అదే పేజీ తీసి, ఏది ఎవరి కోసం అయిందో విడివిడిగా రాశాను.

ఆయన కాలేజీ స్నేహితుడి కుటుంబంతో రెస్టారెంట్‌కి వెళ్ళిన రోజు 2,850. మ్యాచ్ ఉన్న రాత్రి తెప్పించిన బిర్యానీలు 1,180. నేను కట్టిన బాక్సు టేబుల్ మీద వదిలేసి ఆయన ఆఫీసు దగ్గర తిన్న భోజనాలు 1,150. మా అమ్మాయి స్నేహితురాళ్ళు వచ్చినప్పుడు పిజ్జాలు 740. ఇక మిగిలింది 480. నాకు జ్వరం వచ్చిన మూడు రోజులు సందు చివర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న పప్పు, కూర, సాంబారు. రోజుకి 160. అన్నం మాత్రం ఆయనే కుక్కర్లో పెట్టారు, ఆ మాట కూడా చెప్పాలి.

అంటే ఆరు వేల నాలుగు వందల్లో నేను వండలేకపోయినందుకు అయింది నాలుగు వందల ఎనభై. అడిగింది మాత్రం మొత్తానికీ నన్నే!

మీ ఇంట్లో కూడా ఒకసారి ఇలా విడదీసి చూడండి. స్నేహితులతో తింటే అది మర్యాద. మ్యాచ్ చూస్తూ తింటే సరదా. పిల్లలు తింటే ముచ్చట. ఇంటావిడ ఓపిక లేక తెప్పిస్తే మాత్రం దుబారా, బద్ధకం. పైగా "మా రోజుల్లో జ్వరంతో కూడా రెండు పూటలా వండాం" అని పెద్దవాళ్ళు కలుపుతారు. వండారు, నిజమే. వాళ్ళకి అది సుఖంగా ఉండేదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

"ఇంట్లో అయితే వంద రూపాయల్లో అయిపోతుంది" అనే మాట మనందరం విన్నదే. ఆ వందలో బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు ఉంటాయి. వండిన మనిషి ఉండదు. ఒక వారం గడియారం చూసి రాసుకున్నాను. పొద్దున్న టిఫిన్, బాక్సులు కలిపి రెండున్నర గంటలు. సాయంత్రం కూరలు తరగడం దగ్గర్నుంచి గట్టు తుడిచేదాకా ఇంకో రెండు గంటలు. నెలకి నూట ముప్ఫై గంటలు దాటుతోంది. మా అపార్ట్‌మెంట్లో ఒక పూట వంటకి వచ్చే ఆవిడ నెలకి నాలుగు వేలు తీసుకుంటుంది. ఆవిడ చేస్తే అది పని. అదే పని నేను చేస్తే లెక్కలో సున్నా.

ఇది నా ఒక్కదాని గోల కాదు. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటి మీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. 2019 సర్వేలో 299, 97. ఐదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గింది, మగవాళ్ళకీ తొమ్మిది తగ్గింది!

భార్యాభర్తలు రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందులో మన కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు విడిగా రాస్తూ, గృహిణి పని చేయదనీ, ఇంటికి ఆర్థికంగా ఏమీ చేర్చదనీ అనుకోవడం తప్పని చెప్పారు. ఆ పనికి ఆదాయం లెక్కగట్టాలన్నారు. చాలా సంతోషం. కానీ ఆ లెక్క వేసింది నష్టపరిహారం కోసం. మనం చచ్చాక కోర్టులో దొరికే విలువ, బతికుండగా మన లెక్కల పుస్తకంలో ఎందుకు దొరకదు?

మా వీధి మొదట్లో సాయంత్రం ఒకావిడ కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. రొట్టె ఇరవై రూపాయలు. అక్కడ ఎవరూ "పిండి ఖర్చు ఐదే కదా" అని బేరమాడరు. ఆ చేతులకీ ఆ సెగకీ డబ్బివ్వాలని అందరికీ తెలుసు. ఇంటికి రాగానే ఆ తెలివి ఎక్కడికి పోతుంది?

రోజూ బయట తినమని నేను అనడం లేదు. ఆ నూనెలు, ఆ ఉప్పు పిల్లలకి మంచిది కాదు. యాప్‌లో తెప్పిస్తే తిండి ధర మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్టీ వచ్చి కూర్చుంటాయి. మధ్యతరగతి ఇంట్లో ప్రతి వందా చూసుకోవాల్సిందే. వంట నాకు ఇష్టం కూడా. గుత్తి వంకాయ కూర చేసిన రోజు నేనే మొదట రుచి చూసి మురిసిపోతాను. కానీ ఇష్టమైన పనికి కూడా సెలవుండాలి కదా. మావారికి ఆయన ఉద్యోగం ఇష్టమే. అయినా ఆదివారం వెళ్ళరు.

ఇంకో ఉచ్చు కూడా ఉంది, జాగ్రత్త. "రెస్టారెంట్ ఎందుకు, వాళ్ళని ఇంటికే పిలుద్దాం, డబ్బు మిగులుతుంది" అంటారు. ఎనిమిది మందికి వండి, వడ్డించి, అంట్లు సర్దేసరికి ఆరు గంటలు. మిగిలిన డబ్బు ఎవరి ఒంట్లోంచి వచ్చిందో అడగండి.

అందుకే ఈ నెల బడ్జెట్ నేనే రాసి చూపించాను. మ్యాచ్ బిర్యానీ కొట్టేశాను. ఆఫీసు భోజనాలు కొట్టేశాను, బాక్సు ఉంది కాబట్టి. రెండూ కలిపి 2,330 మిగిలాయి. స్నేహితులతో భోజనం, పిల్లల పిజ్జా ఉంచాను, కానీ అవి ఇంటి సరదా ఖర్చు కింద రాశాను, నా పేరు మీద కాదు. చివర్లో నా సెలవు అని 640 పెట్టాను. నెలకి నాలుగు సాయంత్రాలు కర్రీ పాయింట్. ఏ సాయంత్రం అనేది నా ఇష్టం. జ్వరం రానక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. మొత్తం 4,230. పోయిన నెల కంటే రెండు వేల పైన తక్కువ.

మావారు రెండుసార్లు కూడి చూసుకున్నారు. "లెక్క బాగానే ఉంది కానీ, ఆ బిర్యానీ..." అన్నారు.

"మ్యాచ్ రోజు మీరు వండండి, నేను తింటాను" అన్నాను.

ఇంకా జవాబు రాలేదు. నిన్న మాత్రం నా మొదటి సెలవు వాడుకున్నాను. ఒంట్లో బాగానే ఉంది. ఊరికే, వండబుద్ధి కాలేదు.