చిలికా ఉప్పు లెక్కలో మన మాటేది?

తెలుగు డిపార్ట్‌మెంటు గోడపత్రికలో ఉప్పునీళ్ళ గొడవ ఏటి అని కొందరు నవ్వుకోవచ్చు. పొడంపేట పిల్లని కాబట్టి నాకిది దూరం సంగతి కాదు. సముద్రం కోతకి మా పాత ఊరు చాలావరకు పోయింది. మా దగ్గరే ఋషికుల్య సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ వైపు నుంచి పాలూరు కాలువ చిలికాకి వెళ్తుంది. అందుకే చిలికా నీళ్ళలో ఉప్పు మారితే అది మా ఇంటి మాటే.

శాస్త్రవేత్తలు మోడల్ అనేది ఒకరకంగా ఇంటి పద్దు లాంటిది. దయా, భార్గవి లాంటి మహానది పాయలు మంచినీళ్ళూ ఒండ్రూ తెస్తాయి. మొగలోంచి సముద్రం ఉప్పు తెస్తుంది. ఎండ నీళ్ళని తాగేసి ఉప్పుని వదిలేస్తుంది. లోతు తక్కువ సరస్సు కాబట్టి చిలికా తొందరగా వేడెక్కుతుంది. ఈ రాకపోకలన్నీ కట్టి, ఇంకో ఇరవై ఏళ్ళకి నీళ్ళెలా ఉంటాయో కంప్యూటర్‌తో అంచనా వేస్తారు.

ఆ లెక్కకి విలువుంది. ఒండ్రు పేరుకుని మొగ పూడుతుంటే ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేప తగ్గింది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చిలికా పేరు చేరింది. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం మోడల్ కట్టి చూశాక, 2000 సెప్టెంబరులో సిపకుద దగ్గర కొత్త మొగ తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది, చేప పెరిగింది. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం కథ వేరు. 1960ల నుంచి దాని నదుల్ని పత్తి పొలాలకి మళ్ళించారు. నీళ్ళు తగ్గి ఉప్పు ముదిరి చేప పోయింది, పడవలు ఇసకలో మిగిలాయి.

అయితే ముందుకాలం చెప్పే మోడల్ నిజమో కాదో తేలాలంటే, గడిచిన కాలాన్ని అది సరిగ్గా చెప్పగలగాలి. యంత్రం పెట్టని ఏళ్ళకి సాక్షి ఎవరు? మొగ ఏ ఏడు జరిగిందో, సప్పనీరు ఏ నెలలో ఉప్పెక్కేదో, ఏ చేప ఎప్పుడు కనపడకుండా పోయిందో చెప్పగలిగేది మన తాతలూ అమ్మమ్మలే. పోటు, పాటు, మొగ అంటూ వాళ్ళు చెప్పేది తెలుగులోనే. దాన్ని రాసుకునేవాళ్ళే తక్కువ.

తాత మాట కొలత కాదు కదా అంటారు. నిజమే. లీటరుకి ఎన్ని గ్రాముల ఉప్పో ఏ తాతా చెప్పలేడు. "మా రోజుల్లో చేప ఇంతుండేది" అని చేతులు చాపేవాళ్ళూ ఉంటారు. కానీ 1999 తుఫానుకి ముందా తర్వాతా, 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌కి ముందా తర్వాతా అని అడిగితే కాలం కుదురుతుంది. మూడు ఊళ్ళవాళ్ళు విడివిడిగా ఒకే మాట చెబితే, మోడల్‌ని దానితో సరిచూడొచ్చు. తేడా వస్తే రెండింటినీ మళ్ళీ పరీక్షించాలి.

లెక్క తేలాక అది మా రేవుకి తెలుగులో తిరిగి రావాలి కూడా. వల ఎక్కడ వెయ్యాలో తేల్చుకునేవాడికి ఇంగ్లీషు పటం ఏం చెప్తుంది?

మేడమ్‌లకీ సార్లకీ నా మనవి ఒకటే. మాండలిక పదాల ప్రాజెక్టులో ఈసారి నీటి మాటల్ని చేర్చనివ్వండి. ప్రతి మాట పక్కన ఊరు, నెల, ఏడు రాద్దాం. తీరం ఊళ్ళ పిల్లలం క్లాసులో కొందరమైనా ఉన్నాం. చెప్పగలిగే పెద్దవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, వచ్చే సెలవుల్లోనే మొదలుపెడదాం.