అడుసులో దాగిన విషము

ప్రవహించు నీరు తనంతట తానే శుద్ధి పొందునని మన పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకము నిరాధారమైనది కాదు. ఆకులు, పేడ, మురుగు మొదలైన కుళ్లు పదార్థములను ఎండయు, గాలియు, సూక్ష్మజీవులును గలిసి కొన్నాళ్లలో విరిచివేయును. నది నాలుగామడలు సాగునప్పటికి నీరు మరల తేటపడును. కాని సీసము, పాదరసము, కాడ్మియము, క్రోమియము మున్నగు భారలోహములకు ఈ న్యాయము వర్తింపదు. అవి మూలపదార్థములు. వానిని ఎండ కాల్పజాలదు, సూక్ష్మజీవి తిని హరింపజాలదు, కాలము రూపుమాపజాలదు. ఒకచోట లేకున్న మరియొకచోట ఉండియే తీరును. ఆ మరియొకచోటు ఏదియని విచారించువారు మన దేశమున మిక్కిలి తక్కువ. నేడు పాఠకుల దృష్టిని మేమచ్చోటికి మరల్పదలచితిమి. అది నీరు కాదు. నీటి క్రింది అడుసు.

కాజీపేటకు సముద్రము 250 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. నదీముఖముల అడుసుతోను, అందలి గుల్లలతోను మనకేమి పని యని కొందరడుగవచ్చును. పూర్వపు వరంగల్లు జిల్లాలో పడిన వాన కొంత గోదావరిలోనికిని, కొంత ఆకేరు, మున్నేరుల మార్గమున కృష్ణలోనికిని పోవుచున్నది. రెండును చేరునది బంగాళాఖాతమే. మన గడపముందరి కాలువ యొక తుది. సముద్రతీరపు మొగ రెండవ తుది. ఈ రెండింటి నడుమ జరుగు వ్యవహారమును తెలిసికొనకున్న మన క్షేమమును మనమే ఎరుగనివార మగుదుము.

లోహము నీటిలో చిరకాలము తేలియుండదు. సన్నని బంకమట్టి రేణువులను, ఇనుప తుప్పును, కుళ్లిన ఆకుల సారమును అంటిపట్టుకొని ప్రయాణము సేయును. నది సముద్రమును గలియుచోట వేగము తగ్గును. మంచినీటికి ఉప్పునీరు తగులగానే సన్నని రేణువు లొకదానినొకటి పట్టుకొని ముద్దలై అడుగునకు దిగును. పైకొండలలోని గనియు, నడిదారిలోని కర్మాగారమును, పట్టణపు మురుగుకాలువయు పంపిన లోహమునకు నదీముఖము ఇట్లు కొట్టుగది యైనది. అచట పొరపై పొర పేరుకొనుచుండును. పైనీరు పరీక్షలో నిర్మలముగా తేలవచ్చును. క్రింది అడుసులో పది, ఇరువది యేండ్ల పాపము నిలిచియుండవచ్చును. ఓడల మార్గమునకై ఆ అడుసును త్రవ్వినప్పుడో, తుఫాను కలచినప్పుడో, నిద్రించుచున్న విషము మరల నీటిలోనికి లేచును.

ఈ అడుసును నమ్ముకొని బ్రదుకునవి గుల్లలు, ఆలిచిప్పలు, పీతలు. వీనిలో ఆలిచిప్ప జాతి కదలక మెదలక ఒకచోటనే యుండి, గంటకు లీటరు మొదలుకొని కొన్ని లీటర్ల నీటిని తన దేహముగుండ వడగట్టి ఆహారము సంపాదించుకొనును. ఆహారముతోపాటు లోహమును లోనికి పోవును. పోయినది త్వరగా వెలికి రాదు. పరిసరపు నీటియందు కానరాని లోహము ఆలిచిప్ప మాంసమున అనేక రెట్లు సాంద్రమై కనబడుటకు ఇదియే కారణము. అందువలననే అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లో తీరముల శుభ్రతకు ఆలిచిప్పలనే కావలివాండ్రుగా నిలుపవలెనని సూచించెను. 1986 మొదలు ఆ దేశ ప్రభుత్వము ఆ పద్ధతిని నియమముగా అవలంబించినది.

వండిన దోషము పోవునుగదా యని గృహిణు లనుకొనుట సహజము. ఉడుకబెట్టిన రోగక్రిములు చచ్చును, లోహము చావదు. శుభ్రమైన నీటిలో కొన్ని దినము లుంచిన గుల్లలలోని క్రిములు తగ్గును. కాడ్మియము తగ్గుటకు నెలలు పట్టును. కావుననే అంతర్జాతీయ ఆహార ప్రమాణముల సంఘమగు కోడెక్స్ వారు సముద్రపు ఆలిచిప్పల మాంసమున (ఆయిస్టరు, స్కాలప్ అను రెండు జాతులు తప్ప) కిలోకు 2 మిల్లీగ్రాములకు మించి కాడ్మియము ఉండరాదనిరి; ఐరోపా వారు మరింత బిగించి 1 మిల్లీగ్రామే చాలుననిరి. కంటికి, నాలుకకు, ముక్కునకు దొరకని దోషమును ఇంత సూక్ష్మముగా కొలిచి పట్టవలసివచ్చినదనగా విషయము ఎంత గంభీరమో పాఠకులే యూహింపగలరు.

ఉపేక్షకు ఫలమెట్టిదో జపాను దేశము లోకమునకు చూపినది. మినమాటా పట్టణమున చిస్సో యను రసాయన కర్మాగారము పాదరసము కలిసిన వ్యర్థజలమును సముద్రపు పాయలోనికి విడిచెను. అడుసులో చేరిన పాదరసము చేపలకు, గుల్లలకు, వానిని దినదినము తిను బెస్తవారికి సంక్రమించెను. చేతులు వణకి, చూపు సన్నగిల్లి, మాట తడబడు వింతవ్యాధి 1956 మే నెలలో అధికారికముగా నమోదయ్యెను. అయినను ఆ వ్యర్థమును విడుచుట 1968 వరకు ఆగలేదు. తల్లికడుపులోని శిశువులు సైతము ఆ విషమునకు గురియైరి. పిమ్మట 1977 నుండి 1990 వరకు పదుమూడేండ్లు ఆ పాయలోని అడుసును తోడి, 58 హెక్టార్ల మేర పూడ్చి కప్పవలసివచ్చెను. దానికైన వ్యయము సుమారు 4,850 కోట్ల యెన్నులు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యెంత ఖరీదైనదో ఈ లెక్కయే చెప్పును.

వ్యవసాయదారులు గమనింపదగిన కథ యింకొకటి కలదు. అదే దేశమున జింజూ నదీతీరమున, ఎగువనున్న కమియోకా గనులనుండి కాడ్మియము నదిలో కలిసి, కాలువలవెంట వరిమళ్లలోనికి వచ్చెను. ఆ బియ్యము తిన్నవారి యెముకలు పెళుసెక్కి, కదలిన బాధ, మెదలిన బాధయై, ఆ బాధతో వారు పెట్టిన మూలుగే వ్యాధికి పేరైనది. 1968లో ప్రభుత్వము కారణము నంగీకరించెను. చెడిన పొలముల మట్టిని మార్చు పని 1979లో ఆరంభమై 2012 వరకు సాగెను. ఒక్క నదీతీరపు పొలములను బాగుచేయుటకు ముప్పదిమూడేండ్లు! అచట సముద్రము లేదు, గుల్లలు లేవు, వరిపొలములే విషమునకు నదీముఖములైనవి.

ఇక మన తీరమునకు వత్తము. విశాఖపట్టణపు లోపలి రేవు 1933లో తెరువబడినది. మేఘాద్రిగెడ్డ తెచ్చు నీరు కలియుచోట ఆ రేవును త్రవ్విరి. స్వాతంత్ర్యానంతరము దానిచుట్టును చమురు శుద్ధి, ఎరువులు, లోహపరిశ్రమలు వెలసినవి. 1977లో పనికి వచ్చిన జింకు కర్మాగారము 2012లో మూతపడినది. జింకు ఖనిజమున సీసము, కాడ్మియము సహజముగనే కలిసియుండును. రేవు అడుసులో సీసము, జింకు, రాగి, కాడ్మియము స్వాభావికమైన మోతాదును మించి యున్నట్లు పరిశోధకులు పలుమారులు చూపిరి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమున తీవ్రముగా కలుషితమైనవని ఎన్నిన 43 పారిశ్రామిక ప్రాంతములలో విశాఖ యొకటి; హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరు, బొల్లారము మరియొకటి. కర్మాగారము మూతపడవచ్చును, అది పనిచేసిన కాలమున దిగిన లోహము అడుసును వీడి పోదు. ఇది యొక్క సంస్థపై మోపు నేరము కాదు. పలువురు పలుకాలములందు కూడబెట్టిన అప్పు ఇది. దానిని తీర్చువా రెవ్వరను ప్రశ్నయే నేటికిని నిలిచియున్నది.

పటాన్‌చెరు వ్యర్థములు నక్కవాగులో పడును. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర కందకుర్తివద్ద గోదావరిని చేరును. గోదావరి ధవళేశ్వరము దిగువ గౌతమి, వసిష్ఠ పాయలై సముద్రమున కలియును. ఆ గౌతమీ ముఖముననే కోరింగ మడ అడవులును, కాకినాడ అఖాతమును గలవు. అచట పేదలు మోకాలిలోతు అడుసులో దిగి గుల్లలేరి మాంసమును అమ్ముకొందురు. చిప్పలను సున్నమునకు కాల్తురు. పటాన్‌చెరు గోడు 1990లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కినది. విచారణ రెండు దశాబ్దములకు మించి సాగినది. ఆ ప్రాంతపు నేలలో ఆర్సెనిక్ మున్నగువాని జాడలను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు పట్టి చూపిరి.

ఆ నేలలోని విషమంతయు నేరుగా కాకినాడ చేరునని మేము చెప్పుటలేదు. నడుమ శ్రీరామసాగరము మున్నగు జలాశయములు కలవు. ఒండ్రు చాలవరకు వాని గర్భమున నిలుచును. అయితే దీనివలన మనకు ఊరట లేదు, హెచ్చరిక కలదు. పరుగెత్తు నీరు నిలువబడు ప్రతి తావును లోహమునకు నదీముఖమే. ఆనకట్ట వెనుక నదీముఖము. చెరువు లోపల నదీముఖము.

చెరువు మాట వచ్చినది గనుక మన యింటి సంగతి చూతము. కాకతీయులు త్రవ్వించిన చెరువులతో ఈ సీమ వెలసినది. నేడు కాజీపేట, హనుమకొండల చెరువులలోనికి వాననీటితోపాటు వచ్చునవి యేవి? ఇండ్ల మురుగు, బండ్లు కడిగిన నీరు, చమురు మడ్డి. పాత బ్యాటరీల సీసమును కరగించు కొలుము ఏ పట్టణమున నున్నను దాని బూడిద తుదకు చెరువునకే దారి వెదకికొనును. ఏటేట గణపతి నిమజ్జనమున కాజీపేట బంధం చెరువు మున్నగు తావులలో విగ్రహములకు పూసిన రంగులు నీట కరగును. సీసము, క్రోమియము గల రంగులు వాడరాదని కేంద్ర మండలి 2010లోను, మరల 2020లోను సూత్రములు చేసినది. దేవుని పేర చేయు పనిలో విషము కలియకుండ చూచుకొనుట భక్తికి కొరత కాదు, కొనసాగింపు.

ఇందు రైతులకు ప్రత్యక్షమైన సంబంధ మున్నది. చెరువు పూడికమట్టిని పొలమునకు తోలుట మన తాతలనాటి ఆచారము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ ఆ యాచారమును మరల నిలిపినది. అది ప్రశంసింపదగిన పనియే. పల్లెచెరువు మట్టి పైరునకు బలము. కాని పట్టణపు మురుగు చేరిన చెరువు మట్టి యట్టిదే యని పరీక్షింపక నమ్మరాదు. జింజూ రైతులు తమ నది నీటిని నమ్మియే మళ్లకు పెట్టుకొనిరి.

మన పరిపాలనా యంత్రమున ఒక విచిత్రము గలదు. నదులను 'ఎ' మొదలు 'ఇ' వరకు ఐదు తరగతులుగా విభజించి, ఇది త్రాగుటకు, ఇది స్నానమునకు, ఇది సాగునకు అని కేంద్ర మండలి నిర్ణయించును. ఆ తరగతుల ప్రధాన లక్షణములలో ప్రాణవాయువు, మలక్రిములు, ఆమ్లత, లవణము, బోరాన్ మున్నగునవి కలవు. సీసము, పాదరసము, కాడ్మియముల పేరైనను లేదు. కావున ఒక నది మంచి తరగతిలో నున్నదని ప్రకటన వచ్చినంతమాత్రమున దాని అడుసునుగూర్చి మన మేమియు తెలిసికొన్నట్లు కాదు. గుఱ్ఱము రంగు చూచి దాని వయస్సు చెప్పినట్లే ఇదియును.

చట్టము పనిచేయదని నిరాశ పడనక్కరలేదు. పెట్రోలులో సీసము కలుపుటను 2000లో దేశమంతట మాన్పించిరి. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. పాదరసముపై మినమాటా పేరనే యేర్పడిన అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2018లో ధ్రువీకరించినది. ద్వారమును మూయుట మనకు చేతనగును. లోపల చేరినదానిని లెక్కించుట మాత్రము ఇంకను నేర్వలేదు.

ఇట్టి సంగతులు పత్రికల కెక్కించిన బెస్తవారి పొట్ట కొట్టినట్లగునని కొందరందురు. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. ఒక తావున దోషము కనబడినదని తీరమందలి గుల్లలన్నియు విషమనుట అన్యాయము. కాని ఆ బెస్తవాని యింటిలో దినదినము గుల్ల తినువారు అతని బిడ్డలే. మినమాటాలో మొదట కూలినవారు కొనుక్కొని తిన్న షావుకార్లు కారు. పట్టుకొని తిన్న పేదలు. వదంతివలన బేరము చెడును, కొలతవలన కాదు. ఈ తావు మంచిది, ఈ తావు కాదు అని లెక్క ప్రకటించినచో మంచి తావున పట్టినవాని సరకునకు ధర పెరుగును.

కావున మేము కోరునవి మూడు. ప్రభుత్వములు నీటిని పరీక్షించుచోటులనెల్ల, ఏడాదికొకమారైనను, అడుసును గూడ పరీక్షింపవలెను. నదీముఖములందు ఆలిచిప్పల మాంసమును దానికి జోడింపవలెను. రేవును త్రవ్వుటకు ముందును, పట్టణపు చెరువుల పూడిక పొలములకు తోలుటకు ముందును ఆ మట్టిని పరీక్షించి, చెడినదానిని వేరుగ భద్రపరుపవలెను. ఫలితములను దస్త్రములందు దాచక, తెలుగులో, రైతునకును బెస్తవానికిని అర్థమగునట్లు, చెరువు కట్టమీదను రేవుగట్టునను ప్రకటింపవలెను. కాజీపేట, హనుమకొండల చెరువులతోనే ఈ పని మొదలగుగాక. పురపాలక సంఘమును ఈ ప్రశ్న అడుగుటకు పౌరులకు ఎవ్వరి యనుమతియు అవసరము లేదు.

పూర్వులు మనకు చెరువు నిచ్చినప్పుడు నీటితోపాటు దాని అడుగునున్న మట్టిని గూడ ఇచ్చిరి. ఆ మట్టిలో వారు సారమునే దాచిరి. మన తరువాత దానిని త్రవ్వబోవువారికి మనమేమి దాచుచున్నామో ముందు కొలిచి తెలిసికొనుట మన విధి.