సముద్రం మీది గాలి ఎవరిది?

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ళ ట్యాంకు దగ్గర క్యూ, ఆదివారం కోడికూర, స్టడీ అవర్‌లో కునికిపాట్లు. అవి అందరం రాస్తూనే ఉన్నాం. ఈసారి మాత్రం సముద్రంలో గాలిమరల గురించి రాస్తున్నాను. ఎందుకో చెబుతాను.

ఎమ్మెస్సీలో సెమినార్‌కు ఈ అంశమే తీసుకున్నాను. చెప్పడం పూర్తయ్యాక మా క్లాసు అబ్బాయి ఒకడు లేచి, "బాగుంది గానీ ఇదంతా మనకెందుకు? పెద్ద కంపెనీలు చూసుకుంటాయి కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు సమాధానం తోచలేదు. ఆ సమాధానమే ఈ వ్యాసం.

మా నాన్న ఉప్పు మడుల్లో కూలీ. ఐదో తరగతి దాటలేదు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నా సెమినార్ గురించి ఆయనకు చెప్పాను. సముద్రంలో ఇనుప స్తంభాలు పాతి, వాటి మీద పెద్ద పెద్ద రెక్కలు బిగించి కరెంటు తీస్తారని చెబితే, ఆయన మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఉప్పుగాలికి అది తుప్పు పట్టదా అమ్మాయ్?"

నేను ఆశ్చర్యపోయాను. ఇంజనీర్లు కోట్లు పోసి నేర్చుకున్న పాఠం అదే. డెన్మార్క్ పడమటి తీరంలో 2002లో హార్న్స్ రెవ్ అనే చోట 80 గాలిమరలు పెట్టారు. మొత్తం 160 మెగావాట్లు. రెండేళ్ళు తిరగకుండానే ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు సముద్రపు వాతావరణానికి తట్టుకోలేక మొరాయించాయి. 2004లో 80 మరల తలభాగాలనూ ఊడదీసి, ఒడ్డుకు తెచ్చి, బాగు చేసి మళ్ళీ బిగించాల్సి వచ్చింది. చదువు లేనంత మాత్రాన మన పెద్దవాళ్ళకు తెలివి లేదనుకోవద్దు. వాళ్ళకు అవకాశమే లేదు.

ఇంతకీ ఇంత కష్టపడి సముద్రంలోకే ఎందుకు వెళ్ళాలి? సముద్రం మీద చెట్లు, కొండలు, మేడలు అడ్డం ఉండవు. గాలి బలంగా, నిలకడగా వీస్తుంది. గాలి వేగం రెట్టింపయితే దానిలోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఆ శక్తినంతా మనం లాగేసుకోలేం. ఎంత మంచి మర అయినా 59 శాతానికి మించి తీసుకోలేదని బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ళ కిందటే లెక్కగట్టాడు. లోతు తక్కువైన చోట కాంక్రీటు దిమ్మ మీద మరను నిలబెడతారు. ఇంకొంచెం లోతైతే లావుపాటి ఉక్కు గొట్టాన్ని సముద్రపు అడుగున దిగగొడతారు. మరీ లోతైతే తేలే దిమ్మల మీద నిలబెట్టి గొలుసులతో కట్టేస్తారు. స్కాట్లండ్ దగ్గర 2017లో అలా తేలే మరలు 5 పెట్టారు. తీసిన కరెంటును సముద్రం అడుగున వేసిన కేబుళ్ళ ద్వారా ఒడ్డుకు తెస్తారు.

ప్రపంచంలో మొదటి సముద్ర గాలిమరల క్షేత్రం డెన్మార్క్‌లోనే, విండెబీ దగ్గర 1991లో వచ్చింది. 11 మరలు, అన్నీ కలిపి 5 మెగావాట్లకు కొంచెం తక్కువ. పాతికేళ్ళు పనిచేశాక 2017లో దాన్ని తీసేశారు. ఇంగ్లండ్ తూర్పు తీరానికి దూరంగా 2022లో పూర్తయిన హార్న్‌సీ 2లో 165 మరలున్నాయి. అక్కడ ఒక్కొక్క మరే 8 మెగావాట్లు. అంటే నాటి క్షేత్రం మొత్తం కంటే నేటి ఒక్క మర పెద్దది. ముప్పై ఏళ్ళలో శాస్త్రం అంత దూరం నడిచింది.

కానీ నన్ను కదిలించింది మెగావాట్ల లెక్క కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ ఎదురుగా, ఒడ్డు నుంచి 3.5 కిలోమీటర్ల దూరంలో మిడెల్‌గ్రుండెన్ అనే చోటుంది. ఒకప్పుడు అక్కడ నగరం చెత్త, మట్టి పారబోసేవారు. అక్కడ 2000లో 20 మరలు నిలబెట్టారు. మొత్తం 40 మెగావాట్లు. అందులో సగం నగరపాలక విద్యుత్ సంస్థది. మిగతా సగం ఎవరిదో తెలుసా? మామూలు జనం పెట్టుకున్న సహకార సంఘానిది. ఎనిమిది వేల మందికి పైగా సభ్యులు. మొత్తం 40,500 వాటాలు చేశారు. ఒక్కో వాటా ఏడాదికి 1,000 యూనిట్ల కరెంటుకు సమానం. ముందు గీసిన నమూనాలో మూడు వరుసల్లో 27 మరలుండేవి. జనాన్ని అడిగాక, అభ్యంతరాలు విన్నాక, దాన్ని మార్చి 20 మరలను ఒకే వంపులో పెట్టారు. తీరంలో బతికేవాళ్ళ మాటకు విలువ ఇస్తే పని ఆగిపోలేదు, పూర్తయింది.

ఇక్కడ నన్ను నేనే ఒక ప్రశ్న వేసుకున్నాను. ఒక్కో వాటా ధర అప్పట్లో 4,250 క్రోనర్లు. చేతిలో డబ్బున్నవాడే కదా కొనేది? మా నాన్న లాంటి కూలీ ఏం కొంటాడు? ఇంకొకటి, హార్న్‌సీ లాంటి భారీ క్షేత్రాలు జనం చందాలతో అయ్యే పనులు కావు. ఈ రెండూ నిజమే. అందుకే డెన్మార్క్‌ను ఉన్నదున్నట్టు మనం దించుకోలేం. కానీ గాలికి సొంతదారు ఎవరు అన్న ప్రశ్నను మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.

నిజానికి ఆ ప్రశ్న మనకు కొత్త కాదు. మన హాస్టల్ గోడ మీద పటంలో ఉన్న బాబాసాహెబ్‌ను రాజ్యాంగ నిర్మాతగానే గుర్తుంచుకుంటాం. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేది. కరెంటు ప్రభుత్వం చేతిలో ఉండాలా, ప్రైవేటు చేతిలో ఉండాలా అన్న చర్చను 1943లోనే ఆయన ముందుపెట్టారు. చౌకగా, సమృద్ధిగా కరెంటు లేనిదే పరిశ్రమలు రావని, పరిశ్రమలు రానిదే ఈ దేశపు పేదరికం పోదని వాదించారు. కాబట్టి "మనకెందుకు" అనే హక్కు ఎవరికైనా ఉండవచ్చు గానీ, ఈ హాస్టల్‌లో చదివినవాళ్ళకు లేదు.

మన దేశం సముద్ర పవన విద్యుత్ విధానాన్ని 2015లో ప్రకటించింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున పెట్టడానికి 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అక్కడ గాలి బలం ఎక్కువ కాబట్టి ముందు అక్కడే. మన తీరానికి ఎప్పుడొస్తుందో చెప్పలేం. వచ్చాక అడగడం కంటే ముందే అడగడం మంచిది.

నేను అడిగేవి మూడు. ఒకటి, సముద్రంలో గీతలు గీయక ముందే అక్కడ వల వేసేవాళ్ళను పిలిచి అడగాలి. సముద్రానికి పట్టా లేదు గానీ, దాని మీద బతుకులున్నాయి. రెండు, తీరపు ఊళ్ళకు డబ్బు పెట్టకుండానే కొంత వాటా రావాలి. సొమ్ములేనివాడికి వాటా లేదంటే అది సహకారం కాదు, వ్యాపారం. మూడు, ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఈ మరల మరమ్మతు, వెల్డింగ్, కేబుల్ పనులు నేర్పాలి. అందులో మన పిల్లలకు సీట్లు ఉండాలి. లేకపోతే మర మన ఒడ్డున తిరుగుతుంది, జీతం మరో ఊరికి పోతుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం మాత్రం మనకు మిగులుతుంది.

చెల్లెళ్ళూ, ఫిజిక్స్ అంటే భయపడి వదిలేయకండి. ఇంటర్‌లో నేనూ ఒకసారి తప్పాను. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి మనిషిని నేనే. నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికే నేను ఆ పాఠం మళ్ళీ చదువుకున్నాను. తుప్పు పట్టకుండా ఏం చేస్తారో చెబితే ఆయన తలూపి, "అయితే ఆ పని మనోళ్ళకూ వస్తుందన్నమాట" అన్నాడు.

రావాలి. మనం చదివితే, అడిగితే వస్తుంది.

ఒక పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ ఫిజిక్స్