జాజికాయ చేయలేని పని

నిద్ర పట్టడం లేదన్నవారికి గోరువెచ్చని పాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి త్రాగమనీ, అరికాళ్లకు నువ్వులనూనె మర్దించుకొమ్మనీ చెప్పడం మన ఇళ్లలో పరిపాటి. తిరుపతిలో వైద్యవృత్తి సాగిస్తున్న నేను కూడా ఎన్నో ఏండ్లుగా ఆ మాటే చెబుతూ వచ్చాను. అది తప్పని ఈనాటికీ అనను. కాని ఆ చిటికెడు పొడికి లొంగని నిద్రలేమి ఒకటి ఉన్నదనీ, దాని చికిత్సకు వేరొక విద్య అవసరమనీ నాకు తెలియవచ్చిన సందర్భాన్ని పాఠకులకు మనవి చేయదలచాను.

2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయింది. పల్ప్ ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి నిలిచాయి. ఆ తరువాత కొన్నాళ్లకు ఒక రైతు, భార్యతోను బావమరిదితోను నా వద్దకు వచ్చాడు. నేను ప్రశ్న అడిగితే బావమరిది సమాధానం చెప్పేవాడు. అతడు ఆగితే భార్య అందుకొనేది. రోగి మాత్రం నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. అలవాటైన ఔషధాలే చెప్పి పంపాను. మూడు వారాలైనా గుణం కనిపించలేదు. అప్పుడు నాకు పరిచయమున్న ఒక క్లినికల్ సైకాలజిస్టు వద్దకు వెళ్లమన్నాను.

ఆమె చేసిన మొదటి పని, వెంట వచ్చినవారిని బయట కూర్చోమని మర్యాదగా కోరడం. రెండవది, మౌనంగా కూర్చోవడం. చాలాసేపటికి ఆయన నోరు విప్పాడట. "కన్ను మూస్తే ట్రాక్టరే కనపడతా ఉండాది మేడమ్" అన్నాడట. నాలుగు రోజులు వరుసలో నిలిచిన ట్రాక్టరులో కాయ మెత్తబడిపోయింది. కోత కూలీ ఇవ్వడానికి భార్యకు తెలియకుండా ఆమె గొలుసు కుదువబెట్టాడు. ఇవన్నీ ఆయనే తరువాత నాకు చెప్పి, పేరు లేకుండా వ్రాసుకొమ్మన్నాడు.

నేను సిగ్గుపడవలసిన విషయం ఒకటుంది. చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నలుగురు పాదాలని చరకసంహిత చెబుతుంది. రోగికి ఉండవలసిన గుణాలలో తన బాధను తాను తెలియజెప్పగలగడం ఒకటి. ఈ మాట విద్యార్థి దశనుండి చదివినవాడినే. అయినా రోగి బాధను బావమరిది నోట విని తృప్తిపడ్డాను.

ఆ వారంలోనే రైతు భార్య నాకు ఫోన్ చేసింది. "లోపల ఏం చెప్పినాడో కనుక్కో సామీ" అని ప్రాధేయపడింది. నేను సైకాలజిస్టును అడిగాను. ఆయన అనుమతి లేనిదే చెప్పజాలనన్నది. రోగిని పంపినవాడిని నేనే గదా అని మనసు చివుక్కుమన్నది. ఆలోచించగా ఆమె పక్షమే న్యాయమని తోచింది. గొలుసు సంగతి పరాయి నోట ఆ ఇల్లాలి చెవిన పడితే, ఆ మనిషి ఇక ఎవరి ఎదుటా నోరు విప్పడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైతం ఈ గోప్యతను హక్కుగా గుర్తించింది.

దీనికి మినహాయింపు ఉన్నది. ప్రాణాపాయం ఉన్నదని తోస్తే ఇంటివారికి చెప్పక తప్పదని ఆమె మొదటి రోజే ఆయనకు స్పష్టం చేసింది. చనిపోవాలన్న తలంపు వస్తున్నదా అని సూటిగానూ అడిగింది. అలా అడిగితే లేని ఊహ కలుగుతుందని మనవాళ్లు భయపడతారు. అది అపోహ అని పరిశోధనలు తేల్చాయి.

మన కుటుంబ బలాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1950ల నాటికే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి, వారినీ చికిత్సలో భాగస్వాములను చేశారు. కాని తోడుండటం వేరు, రోగి బదులు మాట్లాడటం వేరు.

"ధైర్యంగా ఉండు, అంతా ఆ ఏడుకొండలవాడే చూసుకుంటాడు" అని మనమందరం చెప్పే మాట ఆమె చెప్పలేదు. సలహాకు తొందరపడక, మనిషి తన దారి తాను కనుగొనగలడని నమ్మి వినాలని అమెరికాకు చెందిన కార్ల్ రోజర్స్ 1942లోనే వ్రాశారు. అలాగని ఊరక వినడంతో సరిపెట్టలేదు. రోజూ నిద్ర వివరాలు వ్రాయించింది. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే వేళకు లేవాలన్నది. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకుంటే మంచం దిగి కూర్చొని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి పడుకొమ్మన్నది. అప్పుల లెక్కకు సాయంత్రం అరగంట కేటాయించి, కాగితం మీద పెట్టమన్నది. పెద్దల దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రలకంటే ముందు ఇటువంటి చికిత్సనే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది.

ఇది పరదేశపు విద్య గదా అని కొందరనవచ్చు. దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని చరకుడు చికిత్సను మూడు విధాలుగా విభజించాడు. మనస్సును అహితమైన విషయాలనుండి మరలించడమే సత్త్వావజయం. మొదటి రెండింటినీ మనం భద్రంగా నిలుపుకొన్నాము. కొండకు మ్రొక్కుకుంటాము, కషాయం కాచుకుంటాము. మూడవదానిని మాత్రం శ్లోకంగానే మిగిల్చాము. దానిని ఆచరణగా నేర్చినవారు మన పక్కవీధిలోనే ఉంటే, వారి వద్దకు పంపడం ఆయుర్వేదానికి చిన్నతనం కాదని నా నిశ్చితాభిప్రాయం.

ఆరవసారి వెళ్లిన తరువాత ఆ రైతు తానే భార్యకు గొలుసు సంగతి చెప్పాడు. రెండు రోజులు ఆమె మాట్లాడలేదట. మూడవనాడు బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్లారట. మామిడి ధర తిరిగి రాలేదు, అప్పూ తీరలేదు. నిద్ర మాత్రం క్రమంగా వచ్చింది.

నెలకు మించి నిద్ర కరువైనా, తిండి, పని, మనుషుల మీద ఆసక్తి పోయినా వంటింటి ఔషధాలతో కాలయాపన చేయకండి. భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టునో, మానసిక వైద్యునో సంప్రదించండి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు వాటిని స్వయంగా మానరాదు. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నా వైద్యశాలలో ఇప్పుడు ఒక చిన్న మార్పు చేసుకున్నాను. రోగితో పదినిమిషాలు ఒంటరిగా మాట్లాడిన తరువాతే వెంట వచ్చినవారిని లోపలికి పిలుస్తున్నాను. జాజికాయ సంగతి ఆ తరువాత.