శనగ గింజంతా? ఉసిరికాయంతా?

జోగులాంబ గద్వాల జిల్లా ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర కృష్ణమ్మ మీద కట్టిన జూరాల డ్యామ్‌కు ఆదివారం వచ్చేవాళ్లలో చాలామంది చేపల వేపుడు కోసమే వస్తారు. తినడం తేలికే. అదే చేప గాలానికి పడాలంటే..? మంచి గాలం, గట్టి దారం, రంగురంగుల బెండు అన్నీ చూసి కొంటారు. ఎర దగ్గరికొచ్చేసరికి చేతికొచ్చినంత పిండి ముద్ద గుచ్చి విసిరేస్తారు. సాయంత్రం దాకా కూర్చున్నా బెండు ఊగుతుందే తప్ప మునగదు. తప్పు చేపది కాదు... ముద్దది!

నోరు పెద్దది... తిండి చిన్నది!

మన జలాశయాల్లో కనిపించే బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ... నాలుగూ కార్ప్ కుటుంబానివే. కానీ వాటి భోజనశాలలు వేరు. బొచ్చె నీటి పైభాగంలో తిరుగుతుంది. నోరు చూస్తే ఇంత పెద్దది! తినేది మాత్రం కంటికి సరిగా ఆనని సూక్ష్మజీవుల్ని. అందుకే దానికి గట్టి ముద్దకన్నా తవుడు, పల్లీచెక్క కలిపి, నీళ్లలో మెల్లగా విడిపోయేలా చేసిన ముద్ద నయం. రవ్వ మధ్యనీటిలో, మోసు అడుగున మేస్తాయి.

బంగారుతీగదీ అడుగుబాటే. దాని దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. మేతను నీటితో సహా పీల్చుకుని, తేడా అనిపిస్తే వెంటనే ఉమ్మేస్తుంది. కాబట్టి ఎర ఒక్కసారి పీలిస్తే లోపలికి పోయేంతే ఉండాలి. విదేశాల్లో కార్ప్ కోసం వాడే ఉడికించిన పిండి గోళీలు ఎక్కువగా 10 నుంచి 20 మిల్లీమీటర్ల సైజులోనే ఉంటాయి. అంటే శనగ గింజకన్నా కాస్త పెద్ద, ఉసిరికాయకన్నా చిన్న. మన లెక్కలో రేగుపండంత!

ముల్లు మునగొద్దు

ముద్ద పెద్దదై ముల్లు పూర్తిగా అందులో కూరుకుపోతే చేప పీల్చినా గుచ్చుకోదు. మొన కాస్త బయటికి కనిపించాలి. ముద్ద పెంచితే ముల్లూ పెంచాలి. బెండు ఊరికే ఊగుతోందంటే పరిగెల్లాంటి చిన్న చేపలు ముద్దను కొరికేస్తున్నాయన్నమాట. అప్పుడు ఎరను ఇంకా చిన్నది చేస్తే వాటికే పండగ. మెత్తటి ముద్ద తీసేసి, ఉడికించిన మొక్కజొన్న గింజలు రెండు మూడు గుచ్చితే సరి. చలికాలంలో మాత్రం సైజు తగ్గించాలి. నీరు చల్లబడితే చేపకు ఆకలి, అరుగుదల రెండూ మందగిస్తాయి మరి!

ఇదంతా కొత్త విద్యేం కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలోనే తన ‘మానసోల్లాసం’లో చేపల వేటకు ఓ అధ్యాయం కేటాయించాడు. చేపల రకాలు, వాటి మేత, గాలం వేసే తీరు... అన్నీ అందులో రాశాడు.

పిల్లను పెరగనిద్దాం

ఎర సైజుకు మరో లెక్క కూడా ఉంది. చిన్న ముల్లు, చిన్న ఎర వేస్తే పడేవి ఎక్కువగా పిల్లలే. వేలెడంత పిల్ల ఓ పూట కూరకైనా రాదు. మేత బాగుంటే అదే పిల్ల ఏడాదిలో కిలో దాకా తూగుతుంది. ఆ కిలో మీదే ఒడ్డున ఉన్న మత్స్యకారుల పొయ్యి వెలగాలి. మనకది ఆదివారం సరదా... వాళ్లకు ఏడాది పంట!

అందుకే గాలం వేసేముందు అక్కడి మత్స్యకారుల్ని ఓ మాట అడగాలి. ఎర కాస్త పెద్దదే వేయాలి. అయినా పిల్ల పడితే చేతులు తడిచేసుకుని, ముల్లు మెల్లగా తీసి నీళ్లలో వదిలేయాలి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోయి, జబ్బులు అంటుకుంటాయి.

ఇంటికి ఉత్త చేతులతో వెళ్లాల్సి వస్తుందేమోనని బెంగా? డ్యామ్ దగ్గర వేపుడు ఉండనే ఉందిగా!