గ్యాసుకు తెరిచిన దారి, మనిషికి మూసిన సరిహద్దు

సికింద్రాబాద్ పాస్‌పోర్టు కార్యాలయం ముందు ఒక్క గంట నిలబడి చూడండి. పాస్‌పోర్టు చిక్కులు తీర్చుకోవడానికి జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన యువకులు, పాతబస్తీ డ్రైవర్లు, చంకలో పసిబిడ్డతో నిలుచున్న ఇల్లాళ్లు కనిపిస్తారు. వీరికి రియాద్, దోహా అంటే రాజధానుల పేర్లు కావు. ఇంటి అద్దె, చెల్లెలి పెళ్లి, తమ్ముడి చదువు. ఆ రెండు నగరాల నడుమ వైరం పుడితే ఇక్కడి ఇళ్లలో గుబులు పుడుతుంది.

2017 జూన్ 5న, పవిత్ర రంజాన్ మాసంలో, సౌదీ అరేబియా ఖతార్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు దానికి తోడు నిలిచాయి. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక్క భూ సరిహద్దును సౌదీ మూసివేసింది. ఖతార్ ఆహార దిగుమతుల్లో సుమారు 40 శాతం ఆ దారినే వచ్చేది. ఖతార్ పౌరులు 14 రోజుల్లో దేశం విడిచి వెళ్లాలని గల్ఫ్ పొరుగు దేశాలు ఆదేశించాయి. భర్త ఒక దేశం, భార్య మరో దేశం అయిన కుటుంబాలు చీలిపోయాయి. సౌదీ గడ్డపై మేస్తున్న ఖతారీల ఒంటెలను, గొర్రెలను సైతం వేల సంఖ్యలో సరిహద్దు దాటించారు.

అయితే ఒకటి మాత్రం ఆగలేదు. ఖతార్ నుంచి ఎమిరేట్స్‌కు సముద్ర గర్భం గుండా వెళ్లే డాల్ఫిన్ గొట్టపు మార్గంలో సహజవాయువు ఒక్క రోజైనా నిలిచిపోలేదు. అమ్మే ఖతారూ ఆపలేదు, కొనే ఎమిరేట్సూ వద్దనలేదు. తల్లికి, కాపరికి మూసుకున్న సరిహద్దు గ్యాసుకు తెరిచే ఉంది. ఆ వైరం ధర్మం కోసమని మనకు చెప్పినవారు ఈ ఒక్క విషయానికి సమాధానం చెప్పాలి.

ఆ రోజుల్లో మనం ఏం చేశాం? రెండు శిబిరాలుగా విడిపోయాం. హరమైన్‌ల సేవకుల మాటే మాట అన్నవారు కొందరు, పలస్తీనాకు అండగా నిలిచింది ఖతారే అన్నవారు మరికొందరు. మసీదు మెట్ల మీద, పెళ్లి విందుల్లో, ఇరానీ చాయ్ బల్లల దగ్గర మాటలు పెరిగాయి, మనసులు విరిగాయి. విశ్వాసుల్లోని రెండు వర్గాలు తలపడితే న్యాయంతో సంధి చేయమని హుజురాత్ సూరా బోధిస్తుండగా, మనం మాత్రం చప్పట్లు కొట్టే పనికి పూనుకున్నాం.

2021 జనవరి 5న అల్ ఉలాలో ఒప్పందం కుదిరింది. సౌదీ పక్షం విధించిన 13 డిమాండ్లను, అల్ జజీరా మూసివేతతో సహా, ఖతార్ ఒప్పుకున్నది లేదు. అయినా సరిహద్దు తెరుచుకుంది. 2022 నవంబరులో ప్రపంచ కప్ ఆడుతున్న సౌదీ జట్టు కోసం ఖతార్ అమీర్ సౌదీ జెండాను మెడలో వేసుకున్నారు. సంతోషమే. వారు రాజీపడ్డారు. మరి వారి కోసం ఇక్కడ పోట్లాడుకున్న మనం ఇంకా ఎందుకు ముఖాలు తిప్పుకుంటున్నాం?

అసలు ప్రశ్న అది కూడా కాదు. వారు తగవుపడ్డప్పుడూ, కలిసిపోయినప్పుడూ ఆ బల్ల ముందు మన కార్మికుడికి చోటు లేదు. ఆ వైరం మొదలైన మరుసటి నెలలోనే సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. 2020 నాటికి అది 400 అయింది. ఎందరో హైదరాబాదీలు భార్యాబిడ్డలను వెనక్కి పంపవలసి వచ్చింది. మన శిబిరాల్లో ఏ ఒక్కటీ దీనిపై గొంతెత్తలేదు.

ఇక మన ఇంటి సంగతి చూద్దాం. 2020 ఆగస్టులో ఖతార్ నెలకు 1000 రియాళ్ల కనీస వేతనాన్ని చట్టం చేసింది. అది సుమారు 275 డాలర్లు. ఆ మరుసటి నెల, సెప్టెంబరులో, భారత ప్రభుత్వం ఖతార్ వెళ్లే కార్మికుల కనీస వేతనాన్ని 200 డాలర్లకు తగ్గించింది. పరాయి దేశం ఇస్తానన్న దానికంటే తక్కువ ధరకు మన బిడ్డల చెమటను మన ప్రభుత్వమే బేరం పెట్టింది. దానిని తెలంగాణ హైకోర్టులో ప్రశ్నించింది వలస కార్మికుల పక్షాన నిలిచినవారే. 2021లో కేంద్రం ఆ ఉత్తర్వులను ఉపసంహరించుకుంది. ఆ కార్మికుల్లో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు, దళితులూ ఉన్నారు. ఫలితం అందరికీ దక్కింది. హక్కుల పోరాటమంటే అదీ.

ముస్లిం దేశాలను విమర్శిస్తే ఇక్కడ మన శత్రువులకు బలం చేకూరుతుందని కొందరు పెద్దలు హెచ్చరిస్తారు. వారి ఆందోళన మనకు అర్థం కానిది కాదు. కానీ ఇక్కడ రాజ్యాంగం పేరిట న్యాయం కోరే మనం, అక్కడ అన్యాయం జరిగితే మౌనం వహించడం రెండు తూకాలు పెట్టుకోవడమే. కొలతలో మోసం చేసేవారికి దివ్య ఖుర్ఆన్ చేసిన హెచ్చరిక వ్యాపారులకు మాత్రమే కాదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) బోధ యజమాని ముస్లిమా కాదా అని చూడదు.

కనుక సోదర సోదరీమణులారా, ఇకపై ఏ రెండు ముస్లిం దేశాలు చేతులు కలిపినా, విడిచినా మనం అడగవలసిన ప్రశ్నలు మూడు. కార్మికుడి జీతం ఎవరి పూచీ? యజమాని దేశం దారి మూస్తే అతడిని ఇంటికి చేర్చేది ఎవరు? కార్మిక ఒప్పందంపై సంతకం చేసేటప్పుడు మన ప్రభుత్వం అతని మాట విన్నదా? మన జమాఅతులు, సంఘాలు, మసీదు కమిటీలు ఈ ప్రశ్నలను ఎమ్మెల్యేల ముందు, ఎంపీల ముందు, రాయబార కార్యాలయాల ముందు పెట్టాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచిదే. అయితే శవపేటిక వచ్చాక అందే సాయం కంటే, బతికున్నప్పుడు దక్కే హక్కు మేలు.

రాజుల జెండాలు మోయడానికి వారికి మనుషులు ఉన్నారు. మన భుజాలు మన కార్మికుల కోసం ఉండనిద్దాం.